ప్రజాపట్టికలు – మన కర్తవ్యము
(లింగంపల్లి వార్షిక మహాసభయందు గావింపబడిన యుపన్యాసము)



ఈ సభయందు విద్యానిధిని గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు, వివాహవ్యయములను దగ్గించుటను గూర్చియు పెద్దలు ప్రసంగించి యున్నారు. ఆహ్వానసంఘమువారు నాకు నిర్ణయించిన విషయము వేఱు. స్థానిక పరిపాలనా సంస్థలు తమ యభివృద్ధి ప్రణాళికలను రచించుకొనుటయందు కంప్యూటరు సమాచార వ్యవస్థ లెట్లు పయోగపడుచున్నవి, అందు మనవంటి సామాన్య గృహస్థులకు గల పని యేమి, అనునదియే యా విషయము. శబ్దమంజరియు, వ్యాకరణమును చెప్పుకొని బ్రదికిన యుపాధ్యాయునకు కంప్యూటరుతో నేమి పని యని కొందఱకు దోపవచ్చును. కంప్యూటరు సంగతి యెట్లున్నను, పట్టికలతో నాకు చిరకాల పరిచయము కలదు. ముప్పది యేండ్లకు పైగా ప్రతిదినమును హాజరుపట్టీ పిలిచినవాడను.

ఆ హాజరుపట్టీయం దొక ధర్మము కలదు. ఉపాధ్యాయుడు పేరు పిలుచును. బాలుడు లేచి బదులు పలుకును. అటుపిమ్మటనే గుర్తు పడును. బదులు వినక గుర్తు లుంచిన పట్టీ చూచుటకు నిండుగా నుండును గాని, తరగతిలో నున్న బాలురను అది చూపజాలదు. నేడు నేను విన్నవింపబోవున దంతయు ఈ యొక్క మాటకు విస్తరణమే. ప్రభుత్వము మన పేరు పిలుచుచున్నది. మనము బదులు పలుకవలయును. ఆ బదులు సరిగా వ్రాయబడినదో లేదో మనమే చూచుకొనవలయును.

లెక్క లేని ప్రణాళిక

మనము సమావేశమైన యీ లింగంపల్లి ప్రాంతమునే చూడుడు. మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, నల్లగండ్ల, గోపన్‌పల్లి, ఇవి యన్నియు మన తండ్రుల కాలమున చేలును, చెఱువులును, బండరాళ్లును గల పల్లెలు. 1998లో మాదాపూరున సైబర్ టవర్సు వెలసినది. 2003లో లింగంపల్లినుండి ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు నడువసాగినవి. 2007లో శేరిలింగంపల్లి పురపాలక సంఘము, తక్కిన పదునొకండు పురపాలక సంఘములతోడను, ఎనిమిది గ్రామపంచాయతులతోడను గూడ, హైదరాబాదు మహానగరపాలక సంస్థయందు విలీనమైనది. ఒక్క తరములోనే పల్లె పట్టణమై, పట్టణము మహానగరమందు గలిసినది.

ఇట్టిచోట నీటిగొట్టము ఎంత లావుది వేయవలయును, మురుగుకాలువ ఎంత వెడల్పు త్రవ్వవలయును, బడికి గదులెన్ని కట్టవలయును అనుటకు మొదట జనుల లెక్క కావలయును. మన దేశమున జనగణన 2011లో జరిగినది. 2021లో జరుగవలసినది జరుగలేదు. తరువాతి జనగణనకు 2027 నిర్ణయింపబడినది. అనగా రెండు లెక్కల నడుమ పదునాఱేండ్ల యెడము. ఈ పదునాఱేండ్లలోనే లింగంపల్లి చుట్టును ముప్పదేసి యంతస్తుల భవనములు లేచినవి. పాత లెక్కను బట్టి క్రొత్త కాలువ త్రవ్వినచో వానకాలమున నేమగునో ఈ ప్రాంతవాసులకు నేను చెప్పనక్కఱలేదు.

కొలిచి, లెక్కించి చేసిన ప్రణాళిక యెట్టి మేలు చేయునో ఈ నగరమే యెఱుగును. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి వేలకొలది ప్రజలను బొట్టబెట్టుకొన్నది. అప్పుడు నిజాము ప్రభుత్వమువారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రావించిరి. ఆ మహాశయుడు వెంటనే గోడ కట్టుటకు బూనుకొనలేదు. ఎగువన నెంత వాన కురిసినది, ఎన్ని చెఱువులు తెగినవి, నదిలో నెంత నీరు వచ్చినది అని మొదట లెక్క కట్టెను. ఆ లెక్కమీదనే ఆయన జలాశయములను సూచించెను. 1920లో ఉస్మాన్‌సాగరును, 1927లో హిమాయత్‌సాగరును పూర్తియైనవి.

పూర్వుల పద్ధతి

పట్టికలు వ్రాయుట పాశ్చాత్యులు మనకు నేర్పిన విద్య యని తలంపరాదు. కౌటిల్యుని యర్థశాస్త్రమును మైసూరు ప్రాచ్యగ్రంథాలయమునకు చెందిన శామశాస్త్రిగారు 1905లో కనుగొని 1909లో ప్రకటించిరి. అందలి రెండవ యధికరణమున సమాహర్త యను నధికారి విధులు చెప్పబడినవి. అయిదో పదో గ్రామములకు 'గోపుడు' అను నొక లేఖకుడుండును. గ్రామసీమలు, దున్నిన నేల, దున్నని నేల, మాగాణి, మెట్ట, తోటలు, ఇండ్లు, పన్ను చెల్లించువారు, చెల్లింపనివారు, వృత్తులవారు, పశువులు, వీని నన్నింటిని వాడు వ్రాసియుంచవలయును. నగరమందైనచో పదో, ఇరువదో, నలువదియో గృహముల కొక్క గోపుడుండి, అందలి స్త్రీపురుషుల జాతి, గోత్రము, నామము, వృత్తి, ఆదాయవ్యయములు తెలిసికొనవలయును.

ఇంతవఱకు వినినచో ఇది నేటి సర్వేవంటిదే యని తోచును. ఐతే కౌటిల్యు డంతటితో విడువలేదు. గోపుడు వ్రాసినది నిజమా కాదా యని కనుగొనుటకు, గృహస్థుల వేషమున మనుష్యులను గ్రామములకు బంపి, పొలములను, ఇండ్లను, కుటుంబములను మరల లెక్కింపజేయవలయునని విధించెను. వ్రాయువా డొకడు, సరిచూచువాడు వేఱొకడు. ఇరువది మూడు శతాబ్దముల నాటిదని పెక్కురు పండితులు చెప్పు శాస్త్రమందలి యీ రెండవ భాగమే నేడు మనము తఱచుగా మఱచుచున్నది.

పిమ్మటి కాలమున మన గ్రామములలో కరణములును, ఈ తెలంగాణమున పట్వారీలును పట్టికలు వ్రాసిరి. 1954–55 నాటి ఖాస్రా పహాణీ నేటికిని భూవివాదములయందు ప్రమాణముగా జూపబడుచున్నది. ఆ పద్ధతియందు గుణమును గలదు, దోషమును గలదు. ఊరిలోని ప్రతి గెనెమును, ప్రతి కుటుంబమును వ్రాయువా డెఱుగుట గుణము. పట్టిక వాని పెట్టెలో నుండి, రైతు కంటికి గనబడకుండుట దోషము. 1984లో వంశపారంపర్యపు గ్రామోద్యోగములు రద్దు చేయబడినవి. నేడు పట్టిక పెట్టె వెడలి యందఱి యెదుటికిని వచ్చినది. కాని వ్రాయువాడు మనలను ఎఱుగడు. కావున ఆ యెఱుకను మనమే సమకూర్పవలసి యున్నది.

నేటి సాధనములు

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1998లో రిజిస్ట్రేషను కార్యాలయములకు కంప్యూటర్లను దెచ్చినది. 2001లో ఈ-సేవ కేంద్రములు తెఱువబడినవి. 2009లో భారత అంతరిక్ష పరిశోధన సంస్థవారు 'భువన్' అను పోర్టలును ప్రారంభించిరి. మన బాలానగరమందలి జాతీయ సుదూరసంవేదన కేంద్రమే దానిని నడుపుచున్నది. ఉపగ్రహములు తీసిన మన యూరి చిత్రమును ఇంట గూర్చుండి చూడవచ్చును. 2020 ఏప్రిల్ 24వ తేదీన కేంద్రప్రభుత్వము 'ఈ-గ్రామస్వరాజ్' పోర్టలును వెలువరించినది. గ్రామపంచాయతి యీ యేడు ఏ పనులు చేయదలచినది, దేనికెంత కేటాయించినది, ఎంత వ్యయపఱచినది అనునవి యందు గానవచ్చును. 2024లో హైదరాబాదు నగరమున ఇండ్లను డ్రోనుల తోడను, ఇంటింటి విచారణ తోడను పటములకెక్కించు సర్వే మొదలైనది.

వీనివలన ప్రణాళికకు గలుగు లాభమును సులభముగా జెప్పెదను. ఒక పలుచని కాగితముమీద చెఱువులు, కాలువలు గీయుడు. మఱియొక దానిమీద ఇండ్లు గీయుడు. ఇంకొక దానిమీద బడులు, ఆసుపత్రులు గీయుడు. మూటిని ఒకదానిపై నొకటి యుంచి వెలుతురునకు బట్టుడు. కాలువ కడ్డముగా గట్టిన యిల్లును, బడికి దూరమైన బస్తీయును తామే కనబడును. కంప్యూటరు పటము చేయు పని యిదియే. ఆ కాగితములు పది కాదు, నూఱైనను అది యొక్కసారిగా జూపగలదు.

లింగంపల్లి పరిసరములలో దీని యవసరము ప్రాణసమానము. నల్లగండ్ల చెఱువు, గోపి చెఱువు, చందానగరపు గంగారం చెఱువు, రాయదుర్గపు దుర్గం చెఱువు, మాదాపూరు సున్నం చెఱువు, ఇవి యొకప్పుడు పొలములకు నీరిచ్చినవి. చెఱువునకు నిండునీటి హద్దు కలదు. ఆ హద్దునకు వెలుపల గట్టరాని నేల కొంత కలదు. ఈ రెండును పటముమీద గుర్తింపబడి, స్థలము కొనువాడు కొనకముందే చూడగలిగినచో, కష్టార్జితము నీటిపాలు గాదు. 2024 జూలైలో ఏర్పడిన హైడ్రా సంస్థవారు ఆ సెప్టెంబరులోనే సున్నం చెఱువు హద్దులయందలి కట్టడములను గూల్చిరి. చెఱువును గాపాడుట ధర్మమే. పటము ముందు, ఇల్లు తరువాత అయినచో చెఱువును నిలుచును, గృహస్థుడును నిలుచును. ఇల్లు ముందు, పటము తరువాత అయినచో ఇద్దఱికిని నష్టమే.

దోషము లెచ్చట బుట్టుచున్నవి

ఇక రెండవ పక్షము వినుడు. తెలంగాణమున 'సమగ్ర వేదిక' యను నొక కంప్యూటరు వ్యవస్థ యేర్పడినది. వాహనముల పట్టిక, ఆస్తిపన్ను పట్టిక, విద్యుత్తు బిల్లుల పట్టిక మొదలగువానిని, పేరును చిరునామాను బట్టి ఒక్కొక మనుష్యునికి జోడించి, ఇతడు ప్రభుత్వ సాహాయ్యమున కర్హుడా కాడా యని సూచించుట దాని పని. 2014 మొదలు 2019 వఱకు రాష్ట్రమున 18 లక్షలకు పైగా ఆహారభద్రతా కార్డులు ముందు తెలియజేయకయే రద్దు చేయబడినవి. ఇట్టి కంప్యూటరు జోడింపు ఆ రద్దులకు తోడ్పడినది. విషయము సుప్రీంకోర్టు వఱకు బోయినది. రద్దయిన కార్డులను ఇంటింటికి బోయి మరల విచారింపవలసినదని 2022 ఏప్రిల్‌లో ఆ న్యాయస్థాన మాదేశించినది. అట్లు వచ్చిన దరఖాస్తులలో ఆ జూలై నాటికి రెండు లక్షలకు పైగా పరిశీలింపబడినవి. అందు 15 వేలకు పైగా కుటుంబములు అర్హములే యని తేలినది. ఆ కుటుంబములు ఏండ్ల తరబడి తమ వంతు బియ్యమును గోల్పోయినవి. కంప్యూటరునకు వారిపై ద్వేషము లేదు. పిలిచినవారు లేరు, బదులు వినినవారు లేరు.

ఈ పొరపాటు లెట్లు కలుగునో భాష చెప్పువాడనగుటచే నాకు కొంత తెలియును. మన గ్రామములలో లక్ష్మయ్యలు పదిమంది, మల్లయ్యలు పదిమంది యుందురు. ఊరివారు ఇంటిపేరును బట్టి, తండ్రిపేరును బట్టి వారిని వేఱు చేయుదురు. కార్డుమీద ఇంటిపేరు పోయి ఒక్క పొడి యక్షరము మిగులును. అదియును ఆంగ్లలిపిలో వ్రాయబడును. ఆ లిపిలో మన ల-కార ళ-కారములకు భేదము లేదు, న-కార ణ-కారములకు భేదము లేదు. వేంకటేశ్వర్లు అను పేరు ఒక కాగితముమీద ఒక తీరునను, ఇంకొక కాగితముమీద వేఱొక తీరునను ఉండును. ఒక్క మనుష్యుడు ఇద్దఱగును, లేదా ఇద్దఱు మనుష్యు లొక్కడగుదురు. ఎవని కారో యొకని పేరు మనవాని పేరుతో సరిపోయినచో, నడచి పోవువానికి పట్టికలో కారు వచ్చును, ఇంట బియ్యము పోవును.

భూమి పట్టికల చరిత్రయు నిట్టిదే. 2020 అక్టోబరు 29వ తేదీన 'ధరణి' పోర్టలు ప్రారంభమైనది. క్రయవిక్రయములు శీఘ్రముగా జరిగినవి. కాని పొరపాటుగా నిషిద్ధ జాబితాలో జేరిన భూములవారికిని, విస్తీర్ణము తప్పు పడినవారికిని దానిని దిద్దించుకొను మార్గము మిక్కిలి దుర్గమమైనది. 2025లో 'భూభారతి' చట్టము వచ్చి, తప్పులు దిద్దుటకును, అప్పీలు చేసికొనుటకును అధికారులను నియమించినది. దీనినుండి గ్రహింపవలసిన నీతి యిది: పట్టిక యెంత వేగముగా వ్రాయబడునో, అంత సులభముగా దిద్దబడునదియు గావలయును.

తలుపు మూసినవారు

దోషమంతయు ప్రభుత్వముదే యని చెప్పి మనము తప్పించుకొన వీలులేదు. 2024 నవంబరు 6వ తేదీ మొదలు రాష్ట్రమున ఇంటింటి సామాజిక, ఆర్థిక, విద్యా, ఉద్యోగ, రాజకీయ, కుల సర్వే జరిగినది. ప్రాథమిక పాఠశాలల యుపాధ్యాయులు పెక్కురు పూట బడి చెప్పి, పూట యింటింటికి దిరిగిరి. కుటుంబములలో 96.9 శాతము వ్రాయబడినవని 2025 ఫిబ్రవరిలో ప్రకటింపబడినది. మిగిలిన 3.1 శాతమునకు ఆ నెల 16 నుండి 28 వఱకు మరల అవకాశ మొసగబడినది. ఆ మిగిలినవారు అడవులలో నున్నవారు గారు. అందు పెక్కురు ఈ మహానగరమందే యుండిరి. తాళము వేసికొని పోయినవారు కొందఱు, ద్వారపాలకుని చేత లేరని చెప్పించినవారు కొందఱు, నా యాదాయముతో మీకేమి పని యని కసరినవారు కొందఱు.

మనది కులసంఘము. విద్యార్థి వేతనములకును, వసతిగృహములకును, స్థానిక సంస్థలయందు స్థానములకును సంఖ్య యాధారమగునని ప్రతి సభలోను తీర్మానములు చేయుదుము. పట్టిక పుచ్చుకొని యుపాధ్యాయుడు మెట్లెక్కి వచ్చినపుడు తలుపు మూయుదుము. ఈ రెండును పొసగవు. రాబోవు జనగణనయందు కులమును జేర్తుమని కేంద్రప్రభుత్వము 2025 ఏప్రిల్ 30న ప్రకటించి యున్నది. ఆనాడైనను మన తలుపులు తెఱచి యుండవలయును.

ఇచ్చట పెద్దల కొక్క మనవి. సంఖ్యను బెంచుకొనుటకై ఊరిలో లేనివారిని ఉన్నట్లు వ్రాయించుట, ఉన్న యాస్తిని దాచుట, ఒక శాఖవారిని మఱియొక శాఖ పేరిట వ్రాయింపుడని చాటించుట మన సంఘమునకు దగదు. అట్టి సలహా లిచ్చు కరపత్రములు నా కంటబడినవి. అబద్ధపు పట్టికనుండి పుట్టిన ప్రణాళిక మొదట మోసగించునది మనలనే. లేని పిల్లలకు బడి వచ్చును, ఉన్న పిల్లలకు రాదు.

మన కర్తవ్యము

ఇక చేయవలసిన పనులను క్రమముగా విన్నవించెదను.

మొదటిది, ప్రతి గృహస్థుడును తన పట్టికలను తాను చూచుకొనవలయును. ఆహారభద్రతా కార్డు, ఆస్తిపన్ను, ఓటర్ల జాబితా, స్వగ్రామమున భూమి యున్నచో దాని ఖాతా, ఇవి యన్నియు సంవత్సరమున కొక్కమాఱైనను చూడదగినవి. పేరు అన్నిటను ఒక్క తీరుగా వ్రాయించుకొనవలయును. పిల్లలను బడిలో జేర్చు నాడే ఇంటిపేరుతో బూర్తిగా వ్రాయించుట యుత్తమము.

రెండవది, స్వగ్రామ పరిశీలనము. ఇచ్చట హైటెక్ సిటీలో కొలువు చేయు యువకు లనేకులున్నారు. దూరదేశముల నగరములకు కంప్యూటరు వ్యవస్థలను నిర్మించి యిచ్చువారు మీరు. మీ తాతగారి యూరి పంచాయతి ఈ యేడు కాలువకెంత, బడికెంత వ్రాసినదో ఎన్నడైనను చూచితిరా? ఈ-గ్రామస్వరాజ్ పోర్టలులో అది యున్నది. దానిని తీసి, తెలుగున స్పష్టముగా నొక కాగితముమీద వ్రాసి, గ్రామసభనాటికి ఊరికి బంపుడు. ప్రణాళిక సిద్ధము చేయు గ్రామసభలు సాధారణముగా అక్టోబరు 2వ తేదీతో నారంభమగును. పోర్టలులో వేసితిమన్న రోడ్డు ఊరిలో నున్నదా లేదా యని మీ మేనమామయో, పెదతండ్రియో నడచి చూచి చెప్పగలడు. కౌటిల్యుడు చెప్పిన రెండవ లెక్క యిదియే. నేడు దానికి మాఱువేషముతో బనిలేదు.

మూడవది, వార్డు విషయము. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణము మూడు లక్షలు, అంతకు మించిన జనాభా గల పురపాలక సంస్థలలో వార్డు సంఘములను విధించినది. మురుగు, నీరు, దీపములు మొదలగు విషయములు సమావేశములలో చర్చకు వచ్చునపుడు మనవారు వట్టి ఫిర్యాదులతో బోక, పటముతో బోవలయును. అడిగిన సమాచారము చూపనిచో 2005 నాటి సమాచారహక్కు చట్టము కలదు. అడుగకముందే ప్రజలకు దెలుపవలసిన విషయములను గూడ నా చట్టము నాలుగవ సెక్షనున నిర్దేశించినది.

నాలుగవది, చేతకానివారికి తోడు. సెల్ ఫోనున వచ్చు సంఖ్యను చదువలేని వృద్ధులు, వ్రేలిముద్రలు అఱగిపోయిన కూలివారు, ఊరు విడిచి వచ్చి ఇచ్చట కట్టడములలో బనిచేయువారు ఈ లింగంపల్లిలో వేలకొలది యున్నారు. మన వసతిగృహమున ప్రతి యాదివారమును రెండు గంటలకాలము ఒక బల్ల వేసి, ఇద్దఱు విద్యార్థులను గూర్చుండబెట్టి, వచ్చినవారి పట్టికలను చూచి, తప్పులున్నచో అర్జీ వ్రాసి యిచ్చు నేర్పాటు చేయవలయునని నా ప్రార్థన. ఆ బల్లకడ నీ కులమేమని యడుగరాదు. కాలువ పొంగినపుడు నీరు కులము జూచి యిండ్లలోనికి రాదు. ఒక యింటి లెక్క తప్పినచో వీధి ప్రణాళిక యంతయు దప్పును.

ఐదవది, మితము. ప్రభుత్వమైనను, సంఘమైనను, పనికి గావలసినంతవఱకే యడుగవలయును. అడిగినదానిని వేఱు పనికి వాడరాదు. వ్యక్తిగత సమాచార రక్షణకై 2023లో పార్లమెంటు చట్టము చేసినది. మన సంఘసభ్యుల పేర్లు, ఫోను సంఖ్యలు గల జాబితాను వర్తకులకుగాని, ఎన్నికల యభ్యర్థులకుగాని ఈయరాదని ఈ సభ నియమము చేసికొనుట మంచిది. ఇతరులకు జెప్పు నీతి మన యింటనే మొదలు గావలయును.

సోదరులారా! యంత్రము తనంతట మంచిది గాదు, చెడ్డది గాదు. అది మన బదులుకొఱకు వేచియున్న పట్టిక. నేను చెప్పిన యైదింటిలో మొదటి నాలుగును ధనవ్యయము లేనివే. కొంత సమయమును, కొంత సత్యమును చాలును. ఈ సంవత్సరమే ఆదివారపు బల్లను నెలకొల్పుటకును, ఇరువది స్వగ్రామముల ప్రణాళికలను తెలుగున వ్రాసి గ్రామసభలకు బంపుటకును ఈ మహాసభ తీర్మానింపవలయునని ప్రతిపాదించుచున్నాను. వచ్చు మహాసభనాటికి ఎన్ని తప్పులు దిద్దబడినవో, ఎన్ని యూళ్లకు కాగితములు బోయినవో ఆ లెక్కను గూడ కార్యదర్శిగారు సభ యెదుట చదివి వినిపించెదరు గాక!